చెమట పట్టని మొహం

కదలకండి మేడమ్, మీకు దణ్ణం పెడతాను! ఇప్పటికి మూడుసార్లు తుడిచి మూడుసార్లు మొదలుపెట్టా. ఒక్కళ్ళూ కుదురుగా కూర్చోరు. టీవీ చర్చకి వచ్చేవాళ్ళంతా ఇంతే, నేను బుగ్గ మీద స్పాంజి పెట్టగానే లోకాన్ని ఉద్ధరించే మాటలన్నీ అప్పుడే గుర్తొస్తాయి. నోరు మూసుకోండి అంటే బాగోదు గానీ, మూసుకోండి. పెదాలకి రంగు వేస్తున్నా.

ఆఁ, అలా. ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకోండి. గ్రాఫులా? ఎర్రగీత పైపైకి పోతోంది, అంతవరకు కనబడుతోంది. అంతకంటే నాకేం తెలుస్తుంది, పదో తరగతి గట్టెక్కడానికే నానా తంటాలు పడ్డదాన్ని. బొగ్గు పొగ, బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ, దాంతో భూమి వేడెక్కిపోతోంది, ఇదంతా మనిషి చేసుకున్నదే. అంతేగా మీరనేది?

మీ గురువుగారూ ఇదే కుర్చీలో కూర్చుని ఇదే చెప్పారు. పోయినేడాది. తెల్ల గడ్డం, చేతులు రెండూ మోకాళ్ళ మీద, బడిలో పిల్లాడిలా. ఎంత మర్యాద! 'మీకు శ్రమ ఇస్తున్నానమ్మా' అన్నారు నాతో. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ మాట అన్నవాడు ఇంకొకడు లేడు.

అదిగో, మళ్ళీ కదిలారు.

పక్కగదిలో ఉన్నాడే మీ ఎదుటి పార్టీ, ఆయన్ని మేం చల్లటాయన అంటాం. ఎండలు ఎప్పుడు లేవండీ, మా తాతల కాలంలోనూ ఉన్నాయి, సూర్యుడికి తిక్క పుడితే మనమేం చేస్తాం అని నవ్వుతాడు చూడండి, ఎంత అరిచినా మొహాన చెమట చుక్క కనబడదు. జనం దానికే పడిపోతారు. ఎంత నిబ్బరం, ఎంత నిబ్బరం అని! నిబ్బరమా, నా బొందా! అంతా నా చేతి చలవ. ముందొక పూత, దాని మీద పౌడరు, దులిపి మళ్ళీ పౌడరు, బ్రేకు ఇవ్వగానే పరిగెత్తి మళ్ళీ అద్దాలి. ఆ లైట్ల కింద ఎవరికైనా కారిపోవాల్సిందే.

ఆయన చెప్పేది ఆయన నమ్ముతాడా అనే కదూ ఆ కనుబొమ్మ? ఏమో. ఒకసారి ఈ కుర్చీలోనే ఇంటికి ఫోను చేశాడు. 'మధ్యాహ్నం పాపని మేడ మీదికి పోనివ్వకు, ఎండ చంపేస్తోంది' అన్నాడు. ఫోను పెట్టేసి, లోపలికెళ్ళి గంటసేపు ఎండలేం కొత్త కాదని వాదించాడు. బ్రేకులో నేను వెళ్ళి పౌడరు అద్దాను.

మీ గురువుగారి చర్చ మీరు చూసే ఉంటారు. చూడనివాళ్ళెవరు? రెండు నిమిషాలు కాకుండానే నుదురు తళతళ మెరిసింది. కణత దగ్గర ఒక చుక్క బయల్దేరి బుగ్గ మీదుగా గడ్డంలోకి దిగింది. కెమెరా ఆ చుక్కనే పట్టుకుంది. పాపం ఆయనేమో చేతిరుమాలు కోసం జేబులు వెతుక్కుంటున్నారు. అప్పుడు చల్లటాయన మెల్లిగా, 'నిజం చెప్పేవాడికి చెమటెందుకండీ?' అన్నాడు.

అంతే! ఊరు ఊరంతా అదే మాట. బస్సులో, క్యూలో, బడి గేటు దగ్గర. ఎవరైనా ఉక్కగా ఉందంటే చాలు, నిజం చెప్పేవాడికి చెమటెందుకండీ అని వెక్కిరింపు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో పని ఆపాలని ఒక రూలు తెస్తామన్నారు చూడండి, అది ఆ వారమే అటకెక్కింది. మీ గురువుగారు మళ్ళీ బయట కనబడలేదు.

మా అక్క ఆ చర్చ రాత్రి మళ్ళీ వేస్తే మా ఇంట్లోనే చూసింది. నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుంది. మా బావకి చూపించి మళ్ళీ నవ్వింది. బావ రోడ్డు పని. తారు పరిచే గ్యాంగు. కింద కాగే తారు, పైన ఎండ, మధ్యలో మనిషి. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను మేడమ్, ఏం చెయ్యను, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు.

కళ్ళు మూసుకోండి. రెప్పల మీద వేస్తా.

పదిహేను రోజులు తిరక్కుండా ఒక పొద్దున బావ మంచం దిగలేదు. ముందురోజు సాయంత్రం రెండుసార్లు వాంతి అయింది. 'తల దిమ్ముగా ఉందే, ఇవాళ మానేస్తా, ఎండకి తట్టుకోలేకపోతున్నా' అన్నాడు. అక్క ఏమందో తెలుసా? 'చాల్లే, ఆ చెమట ప్రొఫెసర్‌లా మొదలెట్టావూ? ఎండ ఎప్పుడూ ఉన్నదే. లే' అంది. వెక్కిరిస్తూ బూట్లు తెచ్చి ముందు పెట్టింది. ఆయన నవ్వుతూనే తొడుక్కున్నాడట. రెండింటికి రోలరు పక్కన పడిపోయాడు.

ఆస్పత్రి కాగితం మీద గుండె ఆగింది అని రాశారు. ఎవరికైనా చివర్న ఆగేది గుండే కదా!

మొహం నేనే తుడిచాను. నా పని అదే కదా, ఇంకెవరు తుడుస్తారు? పోయిన గంటకి కూడా ఒళ్ళు కాలిపోతోంది. ఎర్రగా, పొడిగా, గరుగ్గా ఉంది. తడి అనేదే లేదు. ఎన్ని వేల మొహాలు చూశానో మేడమ్, అంత పొడి మొహం చూళ్ళేదు. అక్క పక్కనే ఉంది. తన చెయ్యి తీసుకెళ్ళి బావ నుదుటి మీద పెట్టింది. 'చూశావా, చెమట కూడా పట్టలేదు. ఎండదెబ్బ అయితే చెమట పట్టదూ? ఇది గుండెపోటే' అంది. అవునక్కా అన్నాను.

తర్వాత తెలిసింది నాకు, ఒంట్లో నీళ్ళన్నీ అయిపోతే చెమట కూడా ఆగిపోతుందని. ఇక్కడికొచ్చిన ఒక డాక్టరుని అడిగాను, ఎవరిదో సంగతిలా. ఎండదెబ్బకి అదే గుర్తమ్మా అన్నాడు. అద్దంలో నా మొహం చూసుకోలేకపోయాను. అక్కకి చెప్పలేదు. ఎలా చెప్పమంటారు? ఎండ కాదు గుండె అనుకుంటేనే అది అన్నం తినగలుగుతోంది. ఎండ అన్న మరుక్షణం, ఆ బూట్లు తెచ్చిపెట్టింది తనే అవుతుంది.

తెరవండి కళ్ళు. అద్దంలో నన్ను చూడకండి, మిమ్మల్ని చూసుకోండి.

ఇవాళ అది వచ్చింది మేడమ్. మా అక్క. లోపల ప్రేక్షకుల్లో, రెండో వరసలో చివర కూర్చుంది, బూడిదరంగు చీర. మా ప్రొడ్యూసర్ గారు ఏరికోరి పట్టుకొచ్చారు. రేపు ఆ ఎండలో పని ఆపే రూలు అటక దిగి అసెంబ్లీలో ఓటుకి వస్తోందిగా. రోడ్డు కూలీ భార్య లేచి నిలబడి, మా ఆయన ఎండకి పోలేదు, గుండెకి పోయాడు, కూలి కోసి మా పొట్ట కొట్టకండి అంటే ఇంకేం కావాలి వాళ్ళకి? మిమ్మల్ని అడుగుతుంది. బావకి చెమట పట్టని సంగతే అడుగుతుంది. నాలుగు రోజులుగా ఇంట్లో అదే వల్లెవేస్తోంది.

దాని నోరు మూయించమని కాదు నేననేది. దాన్ని తిట్టుకోకండి, అంతే. అది మూర్ఖురాలు కాదు. ఒక ముసలాయన మొహం చూసి అబద్ధం అనుకుంది. ఆ మొహం తయారుచేసింది నేను.

అవును, నేనే.

ఆరోజు ప్రొడ్యూసర్ గారు గుమ్మంలో నిలబడి, 'పెద్దాయనకి పౌడరు వద్దమ్మా, సహజంగా ఉండనీ' అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనక్కర్లేదు కూడా, ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, తెలీదూ? పౌడరు మానేసి ఊరుకున్నానా? లేదు. జిడ్డు క్రీము తీసి నుదుటికీ ముక్కుకీ బాగా పట్టించాను. చర్మం పొడిబారింది సార్ అన్నాను. ఆయన థాంక్స్ చెప్పారు. ఒక్కసారి కాదు, రెండుసార్లు చెప్పారు మేడమ్.

అలా చూడకండి. ఏమనుకుంటున్నారో అనేయండి, పెదాలు ఆరిపోయాయిలే.

మీ విషయంలోనూ నాకు అదే చెప్పారు పొద్దున. సహజంగా ఉండనీ అని. వినలేదు. రెండు పూతలు వేశాను, పైన పౌడరు దట్టించాను, బ్రేకులో నన్ను రానివ్వకపోయినా గంటసేపు కదలదు. రేపటినుంచి ఈ గదిలోకి నన్ను రానివ్వరు. పోనీండి. మా తమ్ముడు ఇప్పుడు అదే గ్యాంగులో, బావ స్థానంలో చేరాడు. నిన్న సాయంత్రం వచ్చి గోడకి జారబడి కూర్చున్నాడు. రెండుసార్లు వాంతి అయింది. 'గాభరా పడకు, రేపొక్కరోజు వెళ్ళిరా' అంది అక్క, వాడి తల నిమురుతూ. ఇప్పుడు టైమెంత? ఒకటిన్నర. వాడు రోడ్డు మీదే ఉన్నాడు.

అదిగో, పిలుస్తున్నారు. మెడలో టిష్యూ తీసేస్తా, ఉండండి.

అక్క అడిగినప్పుడు నిజమే చెప్పండి మేడమ్. చెమట ఎందుకు పట్టలేదో చెప్పండి. మెల్లిగా, దాని కళ్ళల్లోకి చూసి చెప్పండి. అందరిముందూ కుప్పకూలిపోతుంది, నాకు తెలుసు. కూలితే, ఆయన్ని ఎండలోకి పంపింది నువ్వు కాదమ్మా అనండి. మరెవరు అని అడుగుతుంది. మీ గురువుగారి మొహానికి ఆరోజు రంగు వేసిందెవరో చెప్పండి. ఏడాదిగా దాని పక్కనే పడుకుంటున్నాను, నా నోటికి మాట రాలేదు.

అప్పుడు ఇటే వస్తుంది. నేనెక్కడికీ పోను. తలుపు తీసే ఉంచుతాను.