పూత పూసిన స్క్రూ

అబ్బబ్బ, తల ఊపకండి వదినా! దూది జారిపోతుంది. డాక్టరుగారు ఏమన్నారు? లోపలికి పిలిచేదాకా ఈ బల్ల మీదే కూర్చోండి, దూది కొరికి పట్టుకోండి, మాట్లాడొద్దు అన్నారా లేదా? పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ మీ ముందు నాకు మాట్లాడే వంతు రాలేదు. ఇవాళ వచ్చింది. వదుల్తానా?

ఏంటలా గుడ్లురుముతున్నారు? అద్దం కావాలా? ఇదిగో, నా ఫోన్‌లో చూసుకోండి. పెదవి కొంచెం పైకి... ఆ! పక్క పన్నుకీ ఈ కొత్తదానికీ తేడా ఉందా? అయ్యో, నవ్వకండి! నవ్వొద్దంటే నవ్వుతారేం!

స్టూలెక్కి ఫ్యాను తుడవబోయి కిందపడి ముందు పన్ను పోగొట్టుకున్నారు చూడండి, అప్పట్నుంచీ బస్టాండుకి కళే పోయింది. మైకులో మీరు "సాయంత్రం సర్వీసు" అంటే చాలు, ఈల. జనం ఒకటే నవ్వులు. మీ మేనేజరు మిమ్మల్ని తీసుకెళ్ళి పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ గొడుగులకి బస్సుల వేళలు చెప్పుకునేవారట కదా! మీ తమ్ముడు చెప్తే పడీ పడీ నవ్వాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను కూడా.

కొత్త పన్ను నిలిస్తే మైకు మళ్ళీ మీదే అన్నారుగా మీ మేనేజరు?

నిలిచింది వదినా! డాక్టరుగారు తట్టి చూసి, "రాయిలా ఉందమ్మా, ఎముక పట్టేసింది" అనగానే నేను ఎగిరి గంతేశాను. ఆ నర్సమ్మ, పేషెంటు ఈవిడా ఆవిడా అని తికమకపడి ఉంటుంది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇందాక వరండాలోకి పరిగెత్తానా? మా ల్యాబు పెద్దాయన ఫోను. గుర్తుందిగా, మా ల్యాబు పెట్టిన ఈ పరీక్షలో సగంమందికి పన్ను కింద దవడలో ఉత్త టైటానియం స్క్రూ, సగంమందికి మా ప్రొటీన్ పూసిన స్క్రూ. ఎవరికేది వెళ్ళిందో డాక్టరుకీ తెలీదు, నాకూ తెలీదు. పరీక్షలో మీదే ఆఖరి పన్ను కాబట్టి ఇవాళ చెప్పేశారు.

మీది పూత పూసిందే!

నా చేత్తో పూసిందే! ఎముక కణాలకి ఉత్త లోహం అంటే కొత్త చోటు. కొత్త చోట పలకరించే మనిషి ఒకరుంటే కుదురుగా కూర్చుంటాం కదా, ఆ ప్రొటీన్ చేసే పని అదే. మీ ఇంటికొచ్చిన మొదటిరోజు గుమ్మం దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడితే "రా, నా పక్కన కూర్చో" అన్నది ఎవరు? సరే, అది వదిలేయండి, మళ్ళీ ఏడుపొస్తుంది.

మీరేమో వీధి వీధంతా చెప్పుకొచ్చారు. "మా మరదలు చేసిన స్క్రూ నా దవడలో ఉంది, నాకేం భయం?" అని. మీకొచ్చింది ఏదో తెలియకుండానే! పాలవాడికి కూడా చెప్పారట.

మరి నేను? చెప్పనా? మీ నోట్లో దూది ఉంది కాబట్టి చెప్తున్నా, లేకపోతే నాకు ధైర్యం చాలదు.

మీరు చెంప మీద చెయ్యి పెట్టుకున్నప్పుడల్లా మీ దవడ వంకే చూసేదాన్ని. వాచిందేమో, ఎముక పట్టలేదేమో అని. ల్యాబులో మాత్రం "మా పూతకి తిరుగులేదు" అని గొప్పలు పోయేదాన్ని. ఇంటికొచ్చి పక్క మీద వాలి దణ్ణం పెట్టుకునేదాన్ని. "దేవుడా, మా వదినకి మాత్రం ఉత్త స్క్రూ వెళ్ళుండాలి" అని. ఊళ్ళోవాళ్ళ నోళ్ళల్లో నా పూత ఉండొచ్చట, మీ నోట్లో ఉండకూడదట! ఏమన్నా అయితే ఇంకో వదిన్ని నేనెక్కణ్ణుంచి తెచ్చుకోను?

కొడతారా? కొట్టండి. అయ్యో, మీరేంటి, కళ్ళు తుడుచుకుంటున్నారు? దూది, దూది!

రేపు ల్యాబులో అందరూ నాకు చప్పట్లు కొడతారు. కొట్టనీండి, ఏం చేస్తాం. పూసింది నేనే. నమ్మింది మాత్రం మీరు.