తల వంచే దీపం

ఇంటాయన పోయి మూడు వారాలైంది. ఆయన పడుకున్న గదిలో, ఖాళీ మంచం పక్కన, వదినా మరిదీ ఒక దీపం ముందు నిలబడి ఉన్నారు. అక్కణ్ణించి ఎలా జారుకోవాలో మరిదికి తోచడం లేదు.

“మూడు రోజులుగా చార్జింగ్ పెట్టే ఉంచానయ్యా. వెలుగుతోంది గానీ తల వంచట్లేదు.”

“వెలుగుతోంది కదా వదినా. చాల్లే.”

“వెలగడానికైతే బజార్లో బోలెడు దీపాలున్నాయి. ఇది తల వంచాలి. మనిషి దాని వైపు చూస్తే పలకరించినట్టు వంచాలి. మీ అన్నయ్య కనిపెట్టింది అదే కదా! దీన్ని వాళ్ల ప్రదర్శనకి పట్టుకెళ్లడానికి పదకొండింటికి కాలేజీ వాళ్లు వ్యాను తీసుకొచ్చేస్తారు. ఇప్పుడు టైమెంత?”

“పదీ ఇరవై.”

“మరి చూడు! నిలబడి నా మొహం చూస్తావేంటి?”

“చూస్తున్నా... వదినా, వాళ్లకి ఇది కాకుండా ఇంకోటి ఇద్దామా? అద్దం ఇద్దాం. అద్దం బాగుంటుంది.”

“ఏ అద్దం?”

“ఐదు నిమిషాల కిందటి మొహం చూపించేది. అరిచి గోల చేసినవాడు చల్లబడ్డాక వెళ్లి, తన మొహం ఎంత అందంగా ఉందో చూసుకోవచ్చు.”

“ఆఁ, గుర్తొచ్చింది. నోటుబుక్కులో బొమ్మ కింద రాశారు కూడా. ‘ఎవరికి: కోపిష్టి మొగుళ్లకి’ అని. ప్రతి బొమ్మ కిందా రెండు లైన్లు ఉండాల్సిందే ఆయనకి. ఏమిటి, ఎవరికి.”

“ఎవరికో తెలియకుండా వస్తువు చెయ్యకూడదురా అనేవాడు.”

“సరే, ఆ అద్దం చూపిస్తుందా మరి?”

“ఏం చూపిస్తుంది?”

“మొహం!”

“లేదనుకో. అట్టముక్కకి వెండికాగితం అంటించాను.”

“వాన వచ్చేముందు పిడి వణికే గొడుగు?”

“థర్మోకోల్ పిడి. అదేం వణుకుతుంది.”

“అలిసిపోయినవాళ్ల వెనకాలే నడిచే స్టూలు?”

“దాన్ని నేనే తాడుకట్టి లాగేవాణ్ని, తెర చాటు నుంచి.”

“చూశావా? ఇరవై రెండేళ్లలో అన్నీ అంతే. ఆయన గీయడం, నువ్వు అట్టలతో చేసి రంగులెయ్యడం, ఎగ్జిబిషన్లో జనం చూసి నవ్వుకుని వెళ్లిపోవడం. నిజంగా పనిచేసింది ఇదొక్కటే. కాలేజీ పెద్దాయన ఫోన్ చేస్తే అదే చెప్పాను. ఒక్కటి పనిచేసిందండీ, నా కళ్లతో చూశాను అన్నాను. దీపం పక్కన ఆయన ఫొటో పెడతారట.”

“అలా ఎందుకు చెప్పావు వదినా?”

“చెప్పకూడదా?”

“చెప్పకూడదని కాదు...”

“కాకపోతే ఏమిటి? పొద్దుట్నించీ ఒకటే నసుగుడు. నీళ్లు నములుతావేంటి? మోటారు పెట్టింది నువ్వు. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

“మోటారు ఒక్కోసారి పట్టేస్తుంది.”

“అయితే విప్పు.”

“విప్పితే మళ్లీ బిగించడం కష్టం.”

“అటు జరుగు, నేను విప్పుతాను. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు.”

“వద్దు వదినా. వద్దు, దాన్ని ముట్టుకోకు.”

“ఇరవై రెండేళ్లు మీ అన్నదమ్ముల చెత్త ఊడ్చినదాన్ని. నాలుగు మరలు విప్పలేనా... ఇదేంటి?”

“వదినా...”

“ఇందులో ఇసుకుంది.”

“ఊఁ.”

“మోటారేది?”

“లేదు.”

“లేదంటే? తీసేశావా?”

“ఎప్పుడూ లేదు. పడిపోకుండా బరువుకి ఇసుక పోశాను. తల కిందికి లాగి వదిలితే మళ్లీ పైకి లేవాలి కదా, అందుకు మెడలో ఒక స్ప్రింగు. అంతే.”

“లాగేదెవరు?”

“నేను.”

“నువ్వా? నువ్వు ఎక్కణ్ణించి లాగావు?”

“గోడకి వైరు కోసం కొట్టిన కన్నం ఉంది చూడు. అందులోంచి సన్న నైలాను దారం. అవతల సామాన్ల గదిలో పాత ట్రంకుపెట్టె మీద కూర్చుని లాగేవాణ్ని. ఆయన పోయిన రోజే దారం తీసేశాను.”

“ఆయన మంచాన ఉన్న నాలుగు నెలలూ?”

“నాలుగు నెలలూ.”

“అందుకా... మందుల షాపులో పని ముగించుకుని నేనెప్పుడొచ్చినా నువ్వు ఆ గదిలోనే ఉండేవాడివి. సామాను సర్దుతున్నానన్నావు. నాలుగు నెలలు సర్దినా ఆ గది ఆ గదిలాగే ఉందేంటి అనుకున్నాను నేను. రాత్రిపూట చార్జింగులో ఉంటుంది, తల వంచదు అని నువ్వు చెప్పింది అందుకేనా...”

“రాత్రికి నేను మా ఇంటికి వెళ్లిపోవాలి కదా.”

“సిగ్గులేదూ నీకు?”

“ఉంది.”

“మాట పడిపోయి, కుడివైపంతా చచ్చుబడి, మంచానికి అతుక్కుపోయిన మనిషి. ఆ మనిషితో అబద్ధమాడతావా? మొదటిసారి అది తల వంచిన రోజు ఆయన ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకుని దాన్ని చూపించారు. మళ్లీ చూపించారు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. ‘మీ చిన్నోడు ఇన్నాళ్లకి సాధించాడండీ’ అన్నాను నేను, వెర్రిదానిలా. నేనూ ఏడ్చానయ్యా. నెగ్గారని ఏడ్చాను.”

“నేనూ ఏడ్చాను వదినా. అవతల కూర్చుని.”

“నీ ఏడుపెవడికి కావాలి!”

“తిట్టు. కానీ విను. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాక మూడు రోజులు ఆయన ఎవరి మొహమూ చూడలేదు. గుర్తుందా? గోడకేసి తిరిగి పడుకున్నాడు. చెంచా నోటి దగ్గర పెడితే పెదాలు బిగించాడు. నువ్వు వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చేదానివి, ఆ చప్పుడుకి మాకు వినబడదనుకుని.”

“వినబడిందా?”

“ఇద్దరికీ వినబడింది. నాకేం తోచలేదు. పాత నోటుబుక్కు తిరగేస్తే ఈ దీపం బొమ్మ కనిపించింది. ఎవరికి అంటే, ‘పలకరించేవాళ్లు లేనివాళ్లకి’ అని రాసుంది. రెండు రోజుల్లో చేసి తెచ్చాను. ‘అన్నయ్యా, ఈసారి మోటారు దొరికింది, నిజంగా పనిచేస్తుంది’ అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. ఆ సాయంత్రం తిన్నాడు.”

“తిన్నారు. నేనే పెట్టాను. గిన్నె ఖాళీ చేశారు.”

“ఇక ఎలా ఆపను చెప్పు? ఒక్క రోజు ఆగిందంటే ఇదీ చెడిపోయిందే అనుకుంటాడు. ఈ వేలు చూడు.”

“అది అట్ట కోస్తుంటే బ్లేడు కోసుకుందన్నావు.”

“దారం కోసింది. ఎన్నిసార్లు లాగినా అదే చోట పడుతుంది.”

“కట్టు కట్టింది నేనే కదా. ఇక్కడే, ఈ మంచం మీద కూర్చోబెట్టి, ఆయన కళ్లముందే. ఆయన చూస్తూ ఉండేవారు. మానుతుందనేలోపు మళ్లీ తెగేది. ఇంత మొద్దు చేతులతో బొమ్మలెలా చేస్తావయ్యా అని నవ్వాను కూడా.”

“నవ్వావు.”

“సరే. ఒకటి చెప్పు. గోడ అవతల కూర్చున్నవాడికి ఆయన ఎప్పుడు చూశారో ఎలా తెలుస్తుంది?”

“మొదట్లో ఆయన ఇటు తిరిగితే మంచం కిర్రుమనేది. తర్వాత తర్వాత పక్కకి తిరగలేకపోయాడు కదా. అప్పుడు దగ్గేవాడు. ఒక్క దగ్గు. అది వినగానే లాగేవాణ్ని.”

“దగ్గితే లాగడమేంటి?”

“అలవాటు. ఎగ్జిబిషన్లలో అదే మా సైగ. ఆయన బల్ల ముందు నిలబడి జనానికి ఊదరగొట్టేవాడు, నేను తెర వెనక. ఒకసారి దగ్గితే లాగు, రెండుసార్లు దగ్గితే వదులు. ఒక ఏడాది జలుబుతో వచ్చాడు, పాపం. ఆ రోజు ఆ స్టూలు వేసిన గంతులు...”

“నవ్వించకు. నాకు నవ్వొస్తే ఏడుపొస్తుంది.”

“సరే.”

“ఆ దగ్గంటే నాకెంత భయమేసిందో తెలుసా? మంచం పట్టిన మనిషికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందంటారు. ఆస్పత్రిలో చూపించడానికి వెళ్లినప్పుడు రెండుసార్లు ఎక్స్‌రే తీయించాను. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు. శుభ్రంగా ఉన్నాయమ్మా, ఈయనకి దగ్గు రావాల్సిన పనే లేదు అన్నారు డాక్టరుగారు.”

“ఏమన్నారు?”

“దగ్గు రావాల్సిన పనే లేదన్నారు. నాకూ వింతగానే ఉండేది. నేను సాయంత్రం వచ్చాక నువ్వు ఉన్నంతసేపే దగ్గేవారు. నువ్వు చెప్పులేసుకుని వెళ్లాక, తెల్లారేదాకా ఒక్క దగ్గుండదు. ఏంటి, అలా అయిపోయావు?”

“ఏం లేదు.”

“కూర్చో. మంచం మీదే కూర్చో, పరవాలేదు.”

“ఏం లేదు వదినా. టైమెంత?”

“పావు తక్కువ పదకొండు. వాళ్లకి ఏం చెప్పమంటావు నన్ను?”

“నువ్వేం చెప్పకు. నేను చెబుతాను. మా అన్నయ్య చేసింది తప్పు కాదు, నేను చేసింది మోసం అని చెబుతాను.”

“చెప్పు. వాళ్లు ఏమనుకున్నా నాకు బాధ లేదు. నా బాధ అది కాదు. ఆయన నెగ్గాననుకుని వెళ్లిపోయారు. ఉత్త ఇసుక డబ్బాని చూసుకుని మురిసి వెళ్లిపోయారు. ఆయన్ని చూసి అందరూ నవ్వారు సరే. చివరికి ఇంట్లోవాళ్లం కూడా...”

“నువ్వేం చేశావు? నీకు తెలియదు కదా.”

“ఆయనకీ తెలియదుగా! అదే నా బాధ.”

“నన్ను క్షమించమని అడగను. ఆ నోటుబుక్కులు పంపిద్దాం. అవైతే అచ్చంగా ఆయనవి. అందులో నా అబద్ధం లేదు.”

“తీసి పెట్టాను, అదిగో సంచిలో. ఆఖరిదొక్కటే నా దగ్గర ఉంచుకున్నాను. అందులో చివరి పేజీ ఎవరికి చూపించినా అర్థం కాదు.”

“చివరి పేజీ అంటే?”

“పోయేముందు వారం గీశారు. పుస్తకం కావాలని సైగ చేస్తే ఒళ్లో పెట్టాను. ఎడంచేత్తో మధ్యాహ్నమంతా గీశారు, నాకు సెలవు రోజు. నువ్వొచ్చేసరికి దిండు కింద పెట్టేసుకున్నారు. నీకు చూపించబోతే వద్దని తల ఊపారు.”

“నాకా? నాకెప్పుడూ ఏదీ దాచలేదే.”

“పూర్తికాలేదేమో అనుకున్నాను. తర్వాత ఇంకేం పూర్తవుతుంది. ఇదిగో. ఏదో చిన్న టోపీలా ఉంది. సీసా మూతంటావా?”

“కిటికీ దగ్గరికి పట్టు... సీసా మూత కాదు.”

“మధ్యలో ఆ గీత?”

“గాడి.”

“దేనికి గాడి?”

“వదినా, ఉండు. ఒక్క నిమిషం ఉండు.”

“కింద రాసింది నాకు ఒక్క ముక్క తెలియలేదు. కోడి కెలికినట్టుంది. ఆయన రాత నీకలవాటు, చదువు.”

“చదివాను వదినా.”

“పైకి చదువయ్యా. వ్యాను వచ్చినట్టుంది, తలుపు కొడుతున్నారు. కొట్టనీ. చదువు.”

“‘ఏమిటి: వేలి తొడుగు. లోపల మెత్తటి స్పాంజి. పైన దారం పోయేందుకు గాడి.’”

“దారమా? ఏ దారం?... ఎవరికి? ఎవరికని రాశారు?”

“‘ఎవరికి: గోడ అవతల కూర్చునే మా చిన్నోడికి.’”