అంటురోగాల వార్డు నర్సు

కంప్యూటర్ మెకానిక్ వచ్చేసరికి ఆ ఇంటి కంప్యూటరు వైర్లన్నీ పీకేసి ఉన్నాయి. పక్కన ఒక పెద్దావిడ కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉంది.

"వైర్లు ఎవరు పీకారమ్మా?"

"నేనే బాబూ. మెయిల్లో బిల్లు వచ్చిందని మా కోడలు తెరిచింది. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే మారిపోతుంటే కెవ్వుమంది. ముందు నెట్ వైరు లాగేసి, వెంటనే కరెంటు తీసేశాను. దాని రెండేళ్ల థీసిస్ అందులోనే ఉంది. లోపల ఒకటే ఏడుపు."

అతను డిస్కు ఊడదీసి, తన లాప్‌టాప్‌కు తగిలించి చూశాడు.

"పాత ఫోటోలు పోయాయి. వైరస్ థీసిస్ దాకా రాలేదు. ఇంకో రెండు నిమిషాలు ఆగి ఉంటే గోవిందా! ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"ముప్పయ్యేళ్లు అంటురోగాల వార్డులో నర్సుని. రోగిని విడిగా పెట్టాలి, వాడు ఎవరెవరిని కలిశాడో వెతికి పట్టుకోవాలి. మా కోడలి పేరుతో ఆ మెయిలు ఎవరెవరికి పోయి ఉంటుందో అడిగి, అందరికీ ఫోన్లు చేశాను."

"అందరికీనా?"

"ముప్పై ఎనిమిది మందికి. మీ షాపుకి కూడా."

అతని చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"పొద్దున 'ఆ మెయిలు ముట్టుకున్నావో, ఊరుకోను' అని కసిరింది మీరేనా!"

"నేనే. కోపం వచ్చిందా?"

"కోపమా! పాత కస్టమరే కదా అని తెరవబోతున్నాను. మీ ఫోను వచ్చేసరికి వేలు మౌస్ మీదే ఉంది. మీకు దణ్ణం పెడతాను, ఈ సంగతి మా షాపులో మాత్రం చెప్పకండి."