ఒంటెద్దు బాయి కాడ గాజుల వీరేశం బండి

ఒంటెద్దు బాయి పేరు ఎత్తంగనే ఎట్ల దగ్గరికి జరిగి కూసుంటున్నరో చూడు. జరుగుండ్రి, వద్దంటలేను, గానీ చేతులు ఆపకుండ్రి, మక్కకంకులు ఒలుసుకుంటనే ఇనుండ్రి. కథ ఇనేది చెవులతోని, ఒలిసేది చేతులతోని, రెంటికి కొట్లాటేంది? గా బాయి మొర్రిగుట్ట బాట మీద, సీతాఫలం కంచె దాటినంక కుడిచెయ్యి దిక్కుంటది. ఒడ్డు మీద రెండు రాతికంబాలు, ఒక ఇరిగిన గిరక, లోపట చుక్క నీళ్లు లేవు, పావురాలు గూళ్లు పెట్టుకున్నయి. అయినా గా బాట పొంటి ఎడ్లను తోలుకొని పోయినోన్ని నేను ఈ ఊరికి కోడలుగ వచ్చినప్పటిసంది చూడలే. వాగు దిక్కు చుట్టు తిరిగి పోతరు. ఎందుకంటరా? చెప్పనీకే గదా కూసున్న, తొందరేంది?

మా అత్త చిన్నగున్నప్పుడు గా బాయి మీద రాజలింగు అని ఒకాయన మోట కొట్టెటోడట. మీకు మోట ఏమెరుక, బటన్ ఒత్తితే నీళ్లొచ్చే కాలపోళ్లు! మోకుకు తోలుబొక్కెన కట్టి బాయిల ఇడిసేది, ఇంకో కొసను ఎడ్లజంటకు కట్టి ఏటవాలు దారి పొంటి కిందికి తోలేది, అవి దిగుతుంటే బొక్కెన పైకి వచ్చేది. తోలెటోడు ఊకె నడువడు, మోకు మీద ఎక్కి కూసుంటడు, ఆయన బరువు గూడ ఎడ్లకు సాయం. నీళ్లు కాలువల పడ్డంక ఎడ్లు మళ్ల పైకి రావాలె, అదీ తిరిగి గాదు, ఎన్కకు, మూతి అటు నడక ఇటు, బాయి అంచు దాక. ఒకనాడు చివరి మడి ఒక్కటే తడువాల్సి ఉన్నదట, పొద్దు గుంకవట్టింది, ఇంకొక్క బొక్కెన ఇంకొక్క బొక్కెన అనుకుంట తోలుతుంటే ఎన్కకొచ్చే ఎద్దు కాలు అంచు మీద జారింది. కాడి ఇరిగి ఒక ఎద్దు ఒడ్డునే ఉండిపోయింది, ఇంకో ఎద్దు, దాన్ని ఆపవోయిన రాజలింగు, ఇద్దరు లోపటికే. గప్పటిసంది లోపట ఆయనకు ఒక్కటే ఎద్దు. ఒక్క ఎద్దుతోని మోట నడుస్తదా? నడువది. అందుకే గజ్జెల సప్పుడైతే జంట దొరికిందని లేచి వస్తడని మా అత్త చెప్పేది, నేను నవ్వేదాన్ని. నవ్వుడు అయిపోయినంక తెలిసింది.

ఇగ గాజుల వీరేశం ముచ్చటకు వద్దాం. మా ఇంటి పక్క ఇల్లే, ఊరూరు తిరిగి గాజులు తొడిగెటోడు. ముందుగాల ఆయనకు ఒంటెద్దు బండి ఉండె. ఎర్రటి ఎద్దు, ఎర్రోడు అని పిలిచెటోడు. అది ముసల్దై చచ్చిపోతే కన్న కొడుకు పోయినట్టు ఏడ్సి, ఆఖరికి పట్నం పోయి ఎవరో వాడి వాడి ఇడిసిపెట్టిన మోటారుసైకిలు ఒకటి పట్టుకొచ్చిండు. అది గూడ ఎర్రదే. ఇగ చూడు మనిషి పని, దానికి గూడ ఎర్రోడని పేరువెట్టిండు. హారను మోగదని ఎద్దు మెడల గజ్జెల పట్టెడ తెచ్చి హ్యాండిలుకు కట్టిండు. సాయంత్రమైతే పలుపుతోని గుంజకు కట్టేసెటోడు. కిక్కు కొట్టేముందు టాంకీ మీద నిమిరి లే నాయినా లే అనెటోడు, గుట్ట ఎక్కుతుంటే ఛో ఛో, హొయ్ అని నాలిక కొట్టెటోడు. ఆయన పెండ్లాం మల్లవ్వ నాతోని అన్నది, గడ్డి ఒక్కటి ఎయ్యలేదక్కా, తక్కినయన్ని చేసిండు అని.

గా బండి గూడ తక్కువది గాదు. ఎద్దుకు ఎన్ని వేషాలుంటయో దానికన్ని వేషాలు. పొద్దుగాల కిక్కు కొట్టి కొట్టి కాలు వాసేది, అది మాత్రం ఒక్క దగ్గు దగ్గి ఊకుండేది. పక్కకు ఒంచితే గానీ అడుగున పెట్రోలు దిగకపోయేది. బ్రేకు మీద ఆయనకే నమ్మకం లేదు, చెప్పులు నేలకు రాసి ఆపెటోడు, గందుకే ఏడాదికెన్ని జతలు అరిగేటియో. ఒకసారి కోమటోళ్ల ఇంటి ముంగట బురదల స్టాండు దిగవడి బండి ఒరిగితే దారానికి గుచ్చిన గాజుల మలారం అంత వాకిట్ల పరుసుకున్నది. ఆడోళ్లంత వచ్చి ఏరిచ్చిండ్రు, ఏరిచ్చినయి ఎన్నో, ఏరుకపోయినయి ఎన్నో ఆయనకే తెలువాలె. నవ్వుండ్రి నవ్వుండ్రి. నవ్వే కాడికి నవ్వాలె, గానీ అదే బండి ఆ మనిషి కడుపుల ఎంత చిచ్చు పెట్టిందో గూడ ఇనాలె.

ఆయనకు ఒక్కతే బిడ్డ, సులోచన. గుట్ట అవతలి ఊరికి ఇచ్చిండు. అందరి బిడ్డలకు గాజులు తొడిగే చెయ్యి గదా, తన బిడ్డ కడుపుతోని ఉంటే సీమంతం గాజులు తానే తొడగాలని ఆయనకు మస్తు ఆశ, ఆ పిల్లకు గూడ మా నాయిన తొడిగితేనే తొడుక్కుంట అని పంతం. మొదటిసారి పోతుంటే నడి బాటల చైను తెగింది. పోయేసరికి దీపాలు పెట్టిండ్రు, పొద్దుగూకినంక మా దిక్కు గాజులు తొడగరు, వట్టి చేతులతోని కూసున్న బిడ్డను చూసి వచ్చిండు. ఆ కడుపు నిలువలే. రెండోసారి వానకు ప్లగ్గు తడిసి బండి మొరాయించింది, మళ్ల ఆలిశమే, మళ్ల నిలువలే. సులోచన అత్త నలుగురిల అనేసింది, నాయిన చెయ్యి పడలే, గందుకే నిలుస్తలేదని. అది అవునో కాదో దేవునికెరుక, గానీ ఆ మాట వీరేశం గుండెల ముల్లు దిగినట్టు దిగింది. మూడోసారి కబురు వచ్చినప్పుడు మల్లవ్వతోని అన్నడట, ఈసారి అందకపోతే నేను ఇగ గాజులు ముట్టనని.

గా దినం పొద్దుగాలనే లేచిండు. ప్లగ్గు మార్చిండు, చైనుకు నూనె పోసిండు, బిడ్డ కోసం ఏరి ఏరి పచ్చగాజులు మలారం గుచ్చి ఎన్క సీటుకు కట్టుకున్నడు. మల్లవ్వ ముందటి దినమే బిడ్డ కాడికి పోయింది. అన్ని సరిగ చేసుకున్నోనికే గదా అడ్డం వచ్చేది? ఊరు దాటంగనే తుమ్మముల్లు దిగి ఎన్క టైరు కూసున్నది. సైకిలు దుకాణపాయన లేడు, చేనుకు పోయిండు, ఆయన్ని తోలుకొచ్చి పంచరు ఏపిచ్చేసరికి పొద్దు వాలింది. వాగు దిక్కు చుట్టు తిరిగితే అందడు. అడ్డంబడి పోతే ఒంటెద్దు బాయి బాట. సైకిలు దుకాణపాయన వద్దన్నడట. వీరేశం ఏమన్నడు? ఎడ్లకు గదా భయం, నాది పెట్రోలు తాగే ఎద్దు, దీన్ని ఏ దయ్యం ఏం చేసుకుంటది అన్నడు. అని, పాడు అలవాటు ఎటు పోతది, టాంకీ నిమిరి, ఛో ఛో ఎర్రోడా అనుకుంట, గజ్జెలు మోగిచ్చుకుంట పోయిండు.

బాయి ముంగటికి రాంగనే ఇంజిను ఆగిపోయింది. దగ్గలే, తుమ్మలే, ఆగిపోయింది. దిగిండు, టాంకీ ఊపి చూసిండు, పెట్రోలున్నది. ప్లగ్గు ఇప్పి తుడిసిండు, నిప్పు మంచిగనే కొడుతున్నది. కిక్కు కొట్టి కొట్టి చెమటలు కారుతున్నయి, పొద్దు దిక్కు చూస్తె గుట్ట మీద జానెడు ఉన్నది. గప్పుడు గజ్జెలు మోగినయి. గాలి లేదు, ఎవరు ముట్టలే, ఎద్దు మెడ ఊపినప్పుడు ఎట్ల మోగుతయో గట్ల మోగినయి. బండి తనంతట తానే మూతి తిప్పి మోటదారి దిక్కు నడిసింది. ఇడిసిపెట్టి ఉరుకుతడా అంటే, సీటు మీద బిడ్డ గాజులున్నయి. ఉరికి ఎక్కి కూసున్నడు.

కూసోంగనే ఎన్క బరువు పడ్డది. సీటు స్ప్రింగులు కిర్రుమన్నయి, తడితోలు వాసన, చుట్ట వాసన వచ్చినయి. తిరిగి చూసే ధైర్యం లేక కింద నేల దిక్కు చూసిండు. ఏం చూసిండనుకున్నరు? వాలిన ఎండల బండి నీడ పొడుగ్గ పడ్డది, దాని పక్కన ఇంకో నీడ, కొమ్ములున్న నీడ, అడుగుకు అడుగేసుకుంట జంటగ నడుస్తున్నది. నీడ ఉన్నది, ఎద్దు లేదు.

దారి కిందికి దిగింది బండి. బాయి కాడ ఇరిగిన గిరక తిరిగిన సప్పుడు, ఆ మీదికెల్లి దబ్బుమని నీళ్లు కాలువల పడ్డ సప్పుడు. నీళ్లు బిడ్డా, పావురాలు గూళ్లు పెట్టుకున్న బాయిలకెల్లి! ఆ తర్వాత బండి ఎన్కకు నడువవట్టింది. మోటారుసైకిలు ఎన్కకు నడుస్తదా? దానికి గా గేరుంటదా? ఉంటే చెప్పుండ్రి. బాయికి వీపు పెట్టి కూసున్న మనిషి, ఎంత దూరమున్నదో తెలువది, బ్రేకు ఒత్తితే అది ఎప్పుడు పనిచేసింది గనుక, చెప్పులు నేలకు రాసినా ఆగుతలేదు. ఎన్క చక్రం కింది కంకరరాయి జారి బాయిల పడ్డది, పడి చానసేపటికి సప్పుడు వచ్చింది. గప్పుడు ఆగింది. ఆగి, మళ్ల కిందికి.

గట్ల దిగుడు ఎక్కుడు, దిగుడు ఎక్కుడు. వీరేశం ఏడ్సుకుంట మొక్కిండట, అన్నా, నీ పేరు గూడ పలుకనీకె భయమైతున్నది, పొద్దుగూకేలోపు నా బిడ్డకు గాజులు తొడగాలె, ఇప్పటికే రెండు కడుపులు పోయినయి, ఇడిసిపెట్టు అని. ఎన్కకెల్లి మెల్లగ ఒక మాట వచ్చిందట, చివరి మడి తడువలే తమ్మీ అని. కోపం లేదట ఆ మాటల. అలిసిపోయిన మనిషి మాటనట. అది ఇన్నంక వీరేశానికి భయం సగం పోయింది. పొద్దుతోని పోటీ పడి పనికి అందనోని దుఃఖం ఆయనకు తెలువదా? ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? కండ్లు తుడుసుకొని, సరే అన్నా తోలుదాం అన్నడు. టాంకీ మీద చెయ్యేసి, లే నాయినా ఎర్రోడా, ఛో ఛో, హొయ్ అని నిండు మనసుతోని అదిలిచ్చిండు.

ఇగ చూడుండ్రి, బండి ఎగిరి దూకినట్టు దిగింది. బొక్కెన మీద బొక్కెన. పగుళ్లు వారిన కాలువల నీళ్లు పారుతుంటే ఎండ దాని మీద పడి మెరుస్తున్నదట, ఎండిన మన్ను సుయ్యిమని తాగుతున్నదట, గా తడిమన్ను వాసనకు ఆయన దయ్యం సంగతే మరిచిపోయి నోరు తెరుసుకొని చూసుకుంట ఉండిపోయిండట. నేను బతుకుల అంత అందమైంది చూడలే వదినా అని చెప్పుకుంట ముసలితనంల గూడ ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగేటియి.

ఆఖరి బొక్కెన పోసి ఎన్కకు వస్తుండంగ, రాజలింగు ఎద్దు జారిన కాడనే బండి ఎన్క చక్రం అంచు దిగజారింది. బండి సగం ఒరిగింది, గాజులు గల్లుమన్నయి. దుంకితే బతుకుతడు. దుంకలే. సచ్చిపోయిన తన ఎద్దును ఎట్ల ఆపెటోడో గట్ల, హోఓఓ నిలు నాయినా, అని గొంతు పగిలేటట్టు ఒర్లిండు. పక్కనున్న గా కొమ్ముల నీడ ఒరిగి బండికి భుజం ఆనిచ్చింది. ఎచ్చటి ఊపిరి ఆయన మోకాలుకు తగిలింది. మెల్లగ, మెల్లగ, చక్రం మీదికి వచ్చింది. అప్పుడు తన ఎద్దును ఆపుకోలేకపోయిన రాజలింగు ఇప్పుడు ఎన్క కూసొని ఏమనుకున్నడో, సీటు మీదికెల్లి గట్టిగ ఊపిరి ఇడిసిన సప్పుడైంది. బరువు దిగింది. ఎవరో హ్యాండిలుకున్న గజ్జెల పట్టెడ ఇప్పిండ్రు, పని అయినంక ఎద్దు మెడల కాడి ఇప్పినట్టు నిమ్మళంగ. టాంకీ మీద అరచేత్తోని ఒక్క చరుపు చరిసిండ్రు. ఒక్క కిక్కుకు ఇంజిను లేచింది. దాని బతుకుల ఒక్క కిక్కుకు లేసుడు గదే మొదలు, గదే ఆఖరు.

సులోచన ఇంటి ముంగట బండి ఆగేసరికి దీపం కుందిల వత్తి వేసిండ్రు, ఇంక అంటియ్యలే. పొద్దు గుట్ట ఎన్క ఇంత కొన ఉన్నది. వీరేశం కాళ్లన్న కడుక్కోలే, బిడ్డ ముంగట కూలవడి చేతులు తీసుకొని గాజులు తొడగవట్టిండు. మల్లవ్వ అడిగిందట, గాజులకెల్లి నీళ్లు కారుతున్నయేంది, వాన లేదు గదా అని. తొడుగుకుంటనే ఏడ్సిండు ఆ మనిషి, బిడ్డ గూడ ఏడ్సింది, నోరున్న ఆ అత్త గూడ కొంగు నోట్ల కుక్కుకున్నది.

తెల్లారి మేము పోయి చూసినం, అబద్ధమెందుకు. బాయి ఎండుకనే ఉన్నది. మడి మాత్రం నిండ తడిసి ఉన్నది. మోటదారి మీద ఒక్క టైరు గీత, దాని పక్కన ఎద్దు గిట్టలు. గజ్జెల పట్టెడ రాతికంబానికి ఏలాడుతున్నది, ఇయ్యాల్టికి అక్కన్నే ఉన్నది, ఎవడు తీస్తడు? వీరేశం ఆ బండిని ఇగ ఎర్రోడని పిలువలే. మల్లవ్వ రబ్బరు హారను కొనిపిచ్చింది.

సులోచనకు పుట్టిన పిల్ల ఎవరంటరా? గంగామణి. గా మూలకు కూసొని ఒలుసుడు మానేసి నన్నే చూస్తున్నది చూడు. ఆమె చేతికున్న పచ్చగాజు వాళ్లమ్మది. ఎండకాలం ముట్టి చూడుండ్రి, సల్లగ ఉంటది.

ఏందిరా కొమురయ్యా, నవ్వుతున్నవు? మడి తడిసింది గదా, రాజలింగు పని అయిపోయింది, ఇగ భయమేంది అంటవా? ఎవుసం చేసినోన్నే అడుగు. ఒక్కసారి నీళ్లు పారిస్తే మడికి సాలుతదా? మళ్ల ఎండుతది, మళ్ల తడి పెట్టాలె. నీ కొత్త బండి గూడ ఎర్రదే, దానికి గజ్జెలు గూడ కట్టినవని ఇన్న. వాగు దిక్కు తిరిగి పో.