నానిన అలసందలు

గాలివాన మొదలైన ఆరో రోజు పొద్దున. జువ్వలదిన్నెలో మాల్యాద్రి ఇల్లు. గాలివానకు ముందు తెప్ప మీద సముద్రానికి పోయిన మాల్యాద్రి ఇంకా తిరిగి రాలేదు. ఇంట్లో ఉన్నది భార్య అంకాలమ్మ, పదిహేనేళ్ల కూతురు చెంచమ్మ.

"ఇవెవరు నానబెట్టినారుమా?"

"నేనే. ఇంట్లో ఇంకెవరుండారు?"

"ఎప్పుడు?"

"నువ్వు పడుకున్నాక. ఉట్టిలో ముంత తడవలా. దించి చూస్తే అలసందలు అట్టనే ఉండాయి. గలగలమంటుండాయి."

"చాలా పోసినావే."

"ముగ్గురికి పోసినా. ఎందుకట్టా చూస్తావు? చెయ్యి పెట్టి చూడు, ఎంత బాగా ఉబ్బినాయో. పోయిన నెల మీ నాయన ఎండుచేపలు ఇచ్చి తెచ్చినవి. పుచ్చు తక్కువ."

"ఇప్పుడెందుకుమా ఇవి. డబ్బా ఉండాది కదా."

"డబ్బా."

"నిన్న రైలు కాలనీ దొరలు నాలుగు ఇచ్చినారు. రాత్రి ఒకటి అయింది. ఇంకా మూడు ఉండాయి. ఒకటి తెరిస్తే ఇద్దరికీ సరిపోద్ది. కడగబల్లే, ఉడకబెట్టబల్లే."

"నాకొద్దు. మూడు దినాలుగా అదే తింటుండాం. చిక్కుడు గింజలు తియ్యగా ఉండేదేందే? వాళ్లకేం రోగం?"

"టమాటా రసంలో వేసి ఉడకబెట్టినారంట. డబ్బా మీద రాసుండాది."

"చదివినావా?"

"అక్షరాలు చదివినా. మిగతాది బొమ్మను బట్టి అనుకున్నా."

"బొమ్మ బాగానే ఉండాది. గిన్నె, గరిటె, తెల్ల గుడ్డ. తెరిస్తే లోపల ఎవరో నమిలి ఊసినట్టుండాది. మీ నాయన చూస్తే ఏమంటాడో తెలుసా? బిట్రగుంట రైలు కాలనీలో దొరసానులకెవరికీ పళ్లు లేవా అంటాడు."

"మెత్తగా ఉంటే మంచిదే కదా. మింగొచ్చు."

"మింగొచ్చు. మింగుతానే ఉండాం."

"ఇంకొక్క పూట మింగుదాంమా."

"ఎందుకు? ఇవి నానినాయి కదా. పొయ్యి మీద పెడితే గంటలో ఉడుకుతాయి. చింతపండు కొంచెం ఉండాది. మిరపకాయలు నాలుగు ఉండాయి. పులుసు చేస్తా. పో, ఆ కట్టెలు ఇట్టా తీసుకురా."

"కట్టెలు తడిసినాయి."

"చూరు కింద దోపినవి ఆరినాయి. నేను విరిచి చూసినా. టక్కుమన్నాయి."

"పొయ్యి కరిగిపోయింది."

"మూడు రాళ్లు పెడితే పొయ్యే. పెట్టినా, అటు చూడు."

"నీళ్లు బాగలేవుమా. సముద్రం బావిలోకి వచ్చింది. ఉప్పు నీళ్లలో అలసందలు ఉడకవని నువ్వే అంటావు."

"వాన నీళ్లు పట్టి పెట్టినా కుండలో. వాటిలోనే నానబెట్టినా. ఇంకేం చెప్తావు?"

"ఏం లేదు."

"వంట చెయ్యడానికి ఒళ్లు వంగకపోతే వంగలేదని చెప్పు. నేను చేసుకుంటా. నువ్వు పోయి నీ పుస్తకంలో ఏదో ఒకటి రాసుకో."

"పుస్తకం తడిసిపోయింది."

"ఎండలో పెట్టు."

"పెట్టినా. కాగితాలు అతుక్కున్నాయి."

"ఇట్టా కూర్చో చెంచమ్మా. నేను చెప్పేది విను. మొదటి రెండు దినాలు గాలి, పొయ్యి ముట్టించలా. ఎవురూ ముట్టించలా. తర్వాత ఊరంతా నీళ్లు. సరే. నిన్నటి నుంచి ఎవరింటి మీద చూసినా పొగ వస్తుండాది. మనింటి మీద లేదు. జనం పోతా పోతా మన కప్పు వైపే చూస్తుండారు. నువ్వు చూసినావా?"

"చూసినా."

"పొయ్యి ముట్టించని ఇల్లంటే ఏందో చిన్నపిల్లకు కూడా తెలుసు. చావుపడిన ఇంట్లో ముట్టించరు. మూడో దినం దాకా ముట్టించరు. ఇది చావుపడిన ఇల్లు కాదు. అందుకని ఈ పొద్దు ముట్టించాల. పొగ పోవాల పైకి. నలుగురూ చూడాల."

"జనం చూస్తే ఏమైంది. చూడనీ."

"చూడనీ అంటే? పోయినేడు మీ నాయన నాలుగు దినాలు రాలా. గుర్తుండాదా? కృష్ణపట్నం కాడ ఒడ్డెక్కి, ఇసకలో నడుచుకుంటా వచ్చినాడు. వచ్చీ రాగానే ఏమడిగినాడు?"

"అన్నం."

"కూర ఏందని అడిగినాడు. అన్నం ఉండాదా అని కాదు, కూర ఏందని. ఈసారి వచ్చి అడిగితే డబ్బా చూపించేదా?"

"అప్పుడు గాలివాన లేదు కదమా."

"ఏమన్నావు?"

"ఏం లేదు."

"అగ్గిపెట్టె ఏది?"

"తడిసింది."

"పాతది తడిసింది. నిన్న డబ్బాలతో పాటు కొత్తది ఇచ్చినారు కదా. వచ్చి నాకు చూపించినావు కూడా."

"యాడో పడిపోయింది."

"ఇంట్లోనా?"

"తెలీదు."

"మూడు డబ్బాలు ఉండాయి, అగ్గిపెట్టె మాత్రం పడిపోయింది. సరేలే. నీతో పెట్టుకుంటే పొద్దు గూకుద్ది. పేరమ్మక్కా. ఓ పేరమ్మక్కా."

"ఏంది అంకాలమ్మా?"

"చిప్పలో రెండు నిప్పులు వేసియ్యవా. పొయ్యి ముట్టించాల."

"పొయ్యా?"

"పొయ్యే. అలసందలు నానబెట్టినా."

"చెంచమ్మ లేదా ఇంట్లో?"

"ఇక్కడే ఉండాది. నిప్పు అడిగితే మనిషిని అడుగుతావేందక్కా?"

"అది కాదు. చెంచమ్మా, ఇట్టా ఒకసారి వచ్చిపో."

"నాకు పనుండాదత్తా."

"ఏం పని? నిన్న నువ్వు మీ ఓబయ్య మామతో ఏం చెప్పి వచ్చినావు? నేనే చూసుకుంటానంటివంట కదా."

"చూసుకుంటా అత్తా. నువ్వు పో."

"ఏంది మీ ఇద్దరి గుసగుస? నిప్పులియ్యి అక్కా, నీకు పుణ్యముంటది."

"మా పొయ్యి ఆరిపోయింది అంకాలమ్మా."

"నీ కప్పు మీద పొగ వస్తుండాదే."

"తడి కట్టెలు. పొగే గానీ నిప్పు లేదు."

"నిప్పు లేని పొగ నీ ఇంట్లోనే చూస్తుండా. గాలివానకు ముందు రోజు నా పొయ్యిలో నిప్పు తీసుకపోయింది నువ్వు కాదా? అడగ్గానే ఇయ్యలా?"

"ఇచ్చినావు. కాదన్నానా? నిప్పుకు కాదు అంకాలమ్మా. నేను ఇయ్యకూడదు. మధ్యాన్నం మీ ఓబయ్య అన్న వస్తాడు. కులపెద్ద, పెద్దకాపు కూడా వస్తాడు."

"మా ఇంటికా? పెద్దకాపా?"

"నన్నడగొద్దు తల్లీ. చెంచమ్మను అడుగు. నేను పోతుండా."

"పేరమ్మక్కా. అక్కా. ఇదేంది, తలుపేసుకుంది. చెంచమ్మా, ఏమడగాల నేను నిన్ను?"

"ఎక్కువ నానితే పొట్టు ఊడిపోద్దిమా. నీళ్లు వంచేదా?"

"ఏమడగాల అంటుండా."

"అగ్గిపెట్టె పడిపోలా. నా దగ్గరే ఉండాది."

"దాచినావా?"

"దాచినా."

"ఎందుకు?"

"నువ్వు పొయ్యి ముట్టిస్తావని."

"ముట్టిస్తే ఏమి?"

"ముట్టించకూడదుమా."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. నేనే చూసినా."

"యాడ?"

"సరుగుడు తోపు దాటినాక, ఏరు సముద్రంలో కలిసే కాడ. నిన్న డబ్బాలు తీసుకొని వస్తుంటే ఓబయ్య మామ ఎదురొచ్చినాడు. ఒకసారి రామ్మా, నువ్వు చూసి చెప్పాల, మీ అమ్మను పిలవడానికి నాకు కాళ్లు రాలేదు అన్నాడు."

"ఐదు దినాలు నీళ్లలో ఉన్న మనిషిని చూసి నీకేం తెలుస్తది. పెద్దోళ్లకే తెలవదు. ఎవరైనా ఒకటే మాదిరి ఉంటారు."

"మొహం చూడనీలా. గుడ్డ కప్పినారు. బనీను చూపించినారు."

"బనీన్లు ఊరందరికీ ఉండాయి."

"భుజం కాడ చినిగింది కదా. తెల్లదారం లేక వల నూలుతో కుట్టినా. నువ్వు తిట్టినావు, ఇదేం కుట్టే, జెర్రి పాకినట్టుండాదని."

"తిట్టినా."

"ఆ కుట్టే."

"బాగా చూసినావా?"

"చూసినా. చేత్తో తడిమి కూడా చూసినా. చివర మూడు ముళ్లు వేసినా. మూడూ ఉండాయి."

"ఇప్పుడు యాడుండాడు?"

"అక్కడే పూడ్చినారు. ఊళ్లోకి తెచ్చేదానికి లేదన్నారు. కొడుకు లేడు కాబట్టి నువ్వే వెయ్యమ్మా అని ఓబయ్య మామ నా చేత మన్ను వేయించినాడు."

"నీ చేతనా."

"మూడు పిడికిళ్లు."

"వచ్చి నాకు డబ్బా తెరిచి పెట్టినావు కదా. చేతులు కడుక్కున్నావా?"

"తలకు పోసుకున్నా. జుట్టు తడిగా ఉండాదేమని నువ్వడిగితే వానలో తడిసినా అన్నా."

"నిన్న వాన లేదు."

"లేదు."

"నేను ఊఁ అన్నా."

"ఓబయ్య మామ నిన్ననే వచ్చి చెప్తా అన్నాడుమా. నేనే వద్దన్నా. ఈ ఒక్క రాత్రి అమ్మను నిద్రపోనీ, పొద్దున నేనే చెప్తా అన్నా."

"నేను నిద్రపోలా. చేటలో పోసుకొని రాళ్లు ఏరతా కూర్చున్నా."

"తెలుసు. చప్పుడు వినపడతానే ఉండాది."

"మేలుకునే ఉన్నావా? మరి పొద్దున ఎవరు నానబెట్టినారని అడిగినావే."

"ఏం మాట్లాడాలో తెలియలా. ఎట్టనో మొదలుపెట్టాల కదా."

"రాత్రే చెప్పుంటే నానబెట్టేదాన్ని కాదు."

"చెప్పేదానికి లేచినా. రెండు సార్లు లేచినా. నువ్వు ఒక్కో గింజా పట్టి చూస్తుండావు. మళ్లీ పడుకున్నా."

"శేరు గింజలు. ఊరికే పోయినాయి."

"మూడో దినం దాకా ఉండవా?"

"ఉండవు. రేపటికే వాసన పడతాయి. ఎండినవైతే ఏడాదైనా ఉంటాయి. నీళ్లు తగిలినాక ఉండవు."

"పేరమ్మత్తకు ఇచ్చేదా?"

"మనింట్లోవి ఇప్పుడు ఎవరు తీసుకుంటారే. నిప్పే ఇయ్యకపోయె. పెరట్లో పారబొయ్యి. కోళ్లు ఉంటే తింటాయి."

"కోళ్లు కొట్టుకపోయినాయిమా."

"అవును కదా. అయితే అట్టనే ఉండనీ."

"మా, ఏడ్వవా?"

"వస్తాదిలే. వాళ్లు వచ్చినాక వస్తాది. మధ్యాన్నం అన్నారు కదా. ఆ అగ్గిపెట్టె ఇట్టియ్యి."

"ఎందుకు?"

"ముట్టించనులే. పైన పెడతా. రేపు మూడో దినానికి కావాల."

"ఇదిగో."

"నిన్న రాత్రి నువ్వు తిన్నావా?"

"లేదు. నీకు పెట్టి, తిన్నానని చెప్పినా."

"పొద్దున?"

"లేదు."

"ఆ డబ్బా తే. కత్తి కూడా తే. నేను కోస్తా."