నూట ఎనిమిదో పద్యం

రెండు వేల పంతొమ్మిది, ఫిబ్రవరి ఇరవై రెండు, శుక్రవారం. పొద్దుటి నుంచీ దుమ్ముగాలి. అల్ ఖోర్ మొత్తం శనగపిండి చల్లినట్టుంది. తేదీ ఎలా గుర్తుందంటావా? కూర్చో రఫీ, ఆట మొదలవడానికి ఇంకా టైముంది, చెబుతాను. ఈ గ్రౌండులో సున్నంతో గీతలు వేసేవాడు, లస్మయ్య అని, జగిత్యాల వైపు మనిషి. మా క్యాంపే, నా పక్క మంచమే. బేస్‌బాల్ మీద తెలుగులో శతకం రాశాడు. నవ్వకు. నేనూ మొదట్లో నవ్వాను. కాకినాడలో బీఏ తెలుగు చదివి, ఇక్కడికొచ్చి స్టోరులో బోల్టులు పంచుతున్నవాణ్ణి, నాకే లేని పైత్యం ఇతనికెందుకని. వాళ్ళ ఊళ్ళో యక్షగానాలు ఆడేవాడట, గణాలు నోట్లోనే ఉండేవి. యతి తప్పినచోట మాత్రం నా దగ్గరికొచ్చేవాడు. "ప్రసాద్ సార్, జెర గీడ సూడుండ్రి, కాలు కుంటుతున్నది" అని. ఒకటి విను, నాకు నోటికొచ్చు:

ఇంటి నుండి కదిలి యెండలో పరుగెత్తి
మూడు దిండ్లు తొక్కి మొదటి కొచ్చి
అలసి కూలబడితె యాటలో గెలుపండ్రు
కొండగట్టు మీద కొలువు వేల్ప!

దిండ్లంటే అదిగో, ఆ తెల్లటి బేసులు. మూడూ తొక్కి బయల్దేరిన చోటికే రావాలి, అదీ ఆట. క్యాంపులో ఈ పద్యం చదివితే బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారయ్యా. అందరూ తమ గురించే అనుకున్నారు. కొండగట్టు వేల్పంటే అంజన్న. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికెళ్ళగానే నూట ఎనిమిది పద్యాలూ అచ్చేయించి అంజన్న పాదాల దగ్గర పెడతానని మొక్కు. నూట ఏడు అయ్యాయి. చివరిది హోమ్ రన్ మీద. హోమ్ రన్నంటే, బంతి నేల తాకకుండా అవతల కంచె దాటి పడాలి, మన సిక్సరు లాగా. అంజన్న సముద్రం దాటిన దూకుతో పోల్చి ముగిస్తాడట. బాగానే ఉంది. కానీ ఈ గ్రౌండులో ఒక్కడంటే ఒక్కడు కొట్టడే! అమెరికా ఇంజనీర్లు పొట్టలేసుకుని వచ్చేవాళ్ళు, జపాను వాళ్ళు బంతికి దణ్ణం పెట్టినట్టు ఆడేవాళ్ళు, లాహోరు నుంచొచ్చిన దానియాల్ అని క్రేన్ ఆపరేటర్, వాడు బ్యాటుతో గాలినే కొట్టేవాడు. చూడకుండా రాసెయ్యవయ్యా అన్నాను. "సూడంది రాస్తే సరస్వతమ్మ చెంప వలగ్గొడ్తది సార్" అన్నాడు.

అప్పుడేం చేశాడో తెలుసా? కంచె జరపడం మొదలుపెట్టాడు. కంచె అంటే ఏముంది, సైట్లలో కట్టే నారింజరంగు జాలీ, నాలుగు ఇనుప మేకులు. ప్రతి శుక్రవారం పొద్దున్నే గీతలు వేసేటప్పుడు కాస్త లోపలికి, కాస్త లోపలికి. మూణ్ణెల్లలో గ్రౌండు పెళ్ళిపందిరంత అయింది. ఓ అమెరికా ఆయన నడుం మీద చేతులేసుకుని నిలబడి, "లస్మయ్యా, ఇది చిన్నదైపోతోందా?" అని అడిగితే, "హీట్ సార్, హీట్" అన్నాడు. ఆయన ఇంజనీరేనయ్యా, తలూపి వెళ్ళిపోయాడు! అయినా ఎవడూ కొట్టలేదు. ఎగ్జిట్ దగ్గరికొచ్చేసింది. ఆఖరి శుక్రవారం, ఇందాక చెప్పిన తేదీ. దుమ్ముకి కళ్ళు మండి జపాను అతనొకడు రాలేదు. ఒక మనిషి తక్కువ. "యల్లా, పద లస్మయ్యా, నువ్వు కంచె దగ్గర నిలబడు" అన్నారు. అన్నేళ్ళుగా గీతలు వేసినవాడు మొదటిసారి గీత లోపలికి వెళ్ళాడు. జేబులో పెన్ను.

దానియాల్‌కి విషయం తెలుసు. "చాచా, ఆజ్ తేరే లియే మారూంగా", ఇవాళ నీ కోసం కొడతానని గుండె మీద చెయ్యి వేసుకుని మరీ వచ్చాడు. కొట్టాడు! వాడి జన్మలో తగిలింది అదొక్కటే. బంతి లేచింది రఫీ, ఆ దుమ్ములోకి, పచ్చటి చందమామలాగా. కంచె దాటుతోంది. నేనిక్కడే, ఈ బల్ల మీదే లేచి నిలబడ్డాను. లస్మయ్య తల ఎత్తాడు, రెండు చేతులూ ఎత్తాడు, కంచె మీంచి వంగి... పట్టేశాడు. అవుట్! అతని వైపు వాళ్ళు ఎగిరి గంతులేసి భుజాల మీద ఊరేగించారు. పైన కూర్చుని ఈయన ఒకటే ఏడుపు. వాళ్ళు ఆనందబాష్పాలనుకున్నారు. దానియాల్ బ్యాటు పారేసి, "చాచా, క్యా కియా తూనే!", ఎంత పని చేశావని నెత్తి పట్టుకున్నాడు. ఆ తర్వాత లస్మయ్య నాతో అన్నాడు కదా, "బొంబాయిల ఇరవై ఏండ్లు కిందికెల్లి ఇసిరిన ఇటుకలు వట్టిన చేతులు సార్. ఒక్కటి ఇడిసినా కిందోని తల పలుగుతది. చేతులకు కవిత్వం ఏం తెలుసు? వచ్చింది, వట్టినయ్."

నూట ఏడుతోనే వెళ్ళాడు. ఊళ్ళో పెళ్ళికార్డులు వేసే ప్రెస్సులో అచ్చుకిచ్చి, చివరి పేజీ ఖాళీ వదలమన్నాడు. ఆ ప్రెస్సాయన, "శుభమా అని పుస్తకమేస్తూ తెల్లకాగితమా?" అని తన బావమరిది మోటారు వైండింగ్ షాపు ప్రకటన వేసేశాడు. కొండగట్టులో పూజారి పుస్తకం పళ్ళెంలో పెట్టి, ఆఖరి పేజీ తిప్పి, రాగం తీసి చదివాడట, బోరు మోటార్లు గ్యారంటీగా బాగుచేయబడును అని. ఆ వానాకాలమే పోయాడు లస్మయ్య.

పట్టిన బంతి రాములవ్వకి, వాళ్ళావిడకి. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుందట. "మా ఆయన దుబాయ్‌ల గెలిచిండు" అని చెబుతుంది, దుబాయ్ కాదమ్మా, ఖతార్ అంటే వినదు. సున్నం బండి దానియాల్ అడిగి తీసుకున్నాడు, గీతలిప్పుడు వాడే వేస్తాడు, వంకర. కొడుకు రాజేందర్‌కి అమ్ముడుపోని పుస్తకాలు. నాకు నూట ఎనిమిదో పద్యం. పోయే ముందు ఫోన్లో వాయిస్ పెట్టాడు, "సార్, అది మీకే ఇడిసిపెడ్తున్న, సూసినంకనే రాయుండ్రి" అని. మొక్కు పూర్తిగా దక్కనివాడు అంజన్న ఒక్కడే, పాపం.

ఇంకా చూస్తావేం, వాళ్ళ కార్లు వచ్చేస్తున్నాయి. ఆ చివరి మేకు పీకు. రెండడుగులు లోపలికి.