మొంబాసా జ్వరం

1994, దసరాకు ముందు రోజులు. సూరత్ ప్లేగు వార్తలు విని హైదరాబాదులోనూ జనం మూతికి గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారు. టాంజానియా పల్లెల్లో పిల్లల మలేరియా మీద తొమ్మిదేళ్లు పరిశోధన చేసి వచ్చిన డాక్టర్ లీలాకుమారి, అక్క కొడుక్కి ఒళ్లు వెచ్చబడిందంటే జూబ్లీహిల్స్‌లో బావగారింటికి వచ్చింది. బావ చలపతిరావు నిర్మాత. ఆయన తీస్తున్న సినిమాలో కొడుకే హీరో; ఆఫ్రికాలోని మొంబాసాలో షూటింగ్ ముగించుకుని యూనిట్ ఈమధ్యే తిరిగొచ్చింది.

"...జలుబే బావగారూ. రక్తం కూడా చూశాను, ఏమీ లేదు."

"హమ్మయ్య. మీ అక్కయ్య నిన్నట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మొంబాసా, మొంబాసా అని నా ప్రాణం తోడేసింది."

"అక్కయ్య భయపడటంలో తప్పేముంది? అందుకేగా మీరు వెళ్లేముందే మలేరియా రాకుండా మాత్రలిచ్చాను. బాబు వారం వారం వేసుకున్నాడా?"

"వాడు వేసుకున్నాడు, నేనూ వేసుకున్నాను. హీరోయినమ్మ, వాళ్లమ్మగారూ వేసుకున్నారు."

"మిగతావాళ్లు?"

"కాఫీ తాగుతావా?"

"యూనిట్ మొత్తానికి సరిపడా డబ్బా ఇచ్చాను. మిగతావాళ్లు?"

"బీరువాలోనే ఉందమ్మా ఆ డబ్బా. వెళ్లేటప్పుడు పట్టుకుపో."

"ఇవ్వలేదా!"

"ఎలా ఇస్తాను? ఇవెందుకండీ అంటారు. అక్కడ చంపేసే జ్వరాలున్నాయిరా అని చెప్పాలి. చెబితే ఒక్కడైనా విమానం ఎక్కుతాడా?"

"అయ్యో బావగారూ!"

"ఏం అయ్యో? వాళ్లవి మనలాంటి ఒళ్లు కాదు. బోరబండ మురిక్కాలవ పక్కన పుట్టి పెరిగిన శాల్తీలు. దోమలే వాళ్లని చూసి పారిపోతాయి."

"ఇక్కడ మనం మామూలుగా చూసే జ్వరం వణికించి వదిలేస్తుంది. అక్కడిది మెదడుకెక్కుతుంది. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి లేదు. నా చేతుల్లో ఎంతమంది పోయారో..."

"పిల్లలు కదా పోయింది. వీళ్లు దున్నపోతుల్లా ఉంటారు."

"అక్కడి పెద్దవాళ్లకి చిన్నప్పట్నుంచీ వచ్చి వచ్చి ఒళ్లు కొంత కాచుకుంటుంది. మనవాళ్లకదేం లేదు. ఆ జ్వరం ముందు మన దున్నపోతులు కూడా పసిపిల్లలే. మీరొచ్చి రెండు వారాలైందిగా, ఎవరికైనా జ్వరం వచ్చిందా?"

"రీరికార్డింగ్ ఒకటి మిగిలింది, ఆ గొడవలో ఉన్నాను నేను..."

"వచ్చిందా బావగారూ?"

"ఒకడికి. ఓదెలని, లైట్‌మాన్. ఆస్పత్రిలోనే ఉన్నాడులే. టైఫాయిడ్ అన్నారట."

"ఆఫ్రికా వెళ్లొచ్చాడని చెప్పారా వాళ్లకి?"

"నీకెందుకమ్మా ఇవన్నీ?"

"చెప్పారా, లేదా?"

"ఎందుకు చెబుతారు? ఊటీ అని చెప్పమన్నాను. ఊరు ఊరంతా ప్లేగని చస్తోంది. ఈ టైములో ఆఫ్రికా జ్వరం అని పేపర్లో పడితే నా సినిమాకి ఎవడొస్తాడు? నోరు జారినవాడికి ఫిల్మ్‌నగర్లో మళ్లీ పని పుట్టదన్నాను."

"రేపు పోస్టర్ల మీద మొంబాసా అని మీరే వేస్తారుగా!"

"వేస్తాను. హీరో మొంబాసా వెళ్లాడు. జ్వరం వచ్చినవాడు ఊటీ వెళ్లాడు. అంతే."

ఇంతలో గేటు దాటి ఒక ఆడమనిషి వచ్చి వరండా మెట్ల కింద నిలబడింది.

"దండం సారూ."

"ఎవరమ్మా నువ్వు?"

"కొమురమ్మనమ్మా. ఓదెలు పెండ్లాన్ని. సారుకు ఒక మాట చెప్పిపోదామని వచ్చిన."

"వాచ్‌మన్ ఎలా వదిలాడు నిన్ను? వెళ్లు, వెళ్లు, తర్వాత రా."

"ఉండండి బావగారూ. కొమురమ్మా, నేను డాక్టర్ని. ముందు ఆ మెట్టు మీద కూర్చో, పడిపోయేట్టున్నావు. ఓదెలుకి జ్వరం ఎలా వచ్చింది?"

"సలివెట్టి మంచం అదిరిందమ్మా. ఇంట్ల ఉన్న బొంతలన్ని కప్పిన. మల్ల అగ్గోలె కాలిండు."

"మాట తేడా వచ్చిందా?"

"నన్నే గుర్తువట్టలే. ఏనుగులొస్తున్నయ్, ఏనుగులొస్తున్నయ్ అని ఒకటే మొత్తుకునుడు. ఊటీల ఏనుగులేంది అని డాక్టరు అడిగిండు."

"నువ్వేమన్నావు?"

"ఉంటయని చెప్పిన."

"బుద్ధిమంతురాలివి కొమురమ్మా."

"మీరు మాట్లాడకండి బావగారూ! ఫిట్స్ వచ్చాయా?"

"నిన్న మాపటికి వచ్చినయ్. నాలిక కరుసుకున్నడు."

"ఇప్పుడు జ్వరం ఉందా?"

"లేదమ్మా. సల్లవడ్డడు."

"విన్నావా లీలా? తగ్గిపోయింది. దీనికింత రాద్ధాంతం."

"తగ్గడం కాదది. ఈ జబ్బులో ఒళ్లు చల్లబడితే ఇంకా భయం. కొమురమ్మా, నీ పెనిమిటి వెళ్లింది ఊటీ కాదు కదా?"

"సారున్నడమ్మా..."

"సారు ఏమీ అనరు, చెప్పు."

"ఊటీకే వోయిండు."

"కొమురమ్మా! నాకన్నీ తెలుసు. ఇది టైఫాయిడ్ కాదు, మలేరియా. సెలైన్లో క్వినైన్ ఎక్కిస్తే, స్పృహ లేనివాళ్లు లేచి కూర్చుని గంజి అడగడం నా కళ్లతో చూశాను."

"నిజంగనా అమ్మా? మందున్నదా దీనికి?"

"ఉంది. ఈ ఊళ్లోనే ఉంది. మనిషి ఎక్కడికెళ్లొచ్చాడో తెలిస్తే, ఆ డాక్టరే ఎప్పుడో ఇచ్చేవాడు."

"గా డాక్టరు తాననే ఉండెనా?"

"ఏడవకు, ఏడవకు. ఇంకా దారుంది. బావగారూ, కారు తాళాలివ్వండి."

"హీరోయినమ్మని తీసుకురావాలి కారు."

"తాళాలివ్వండి."

"ఇస్తాను. ఒక్క షరతు. మందు నీ ఇష్టం వచ్చినంత ఎక్కించు. ఆఫ్రికా అన్న మాట మాత్రం బయటికి రాకూడదు. వచ్చిందా, ఆ జ్వరం మోసుకొచ్చింది టాంజానియా డాక్టరమ్మే అని పేపరోళ్లకి నేనే చెబుతాను."

"మీరు మనిషేనా?"

"నిర్మాతని. చెప్పు, ఒప్పుకుంటావా?"

"...సరే. నేనూ ఊటీ అనే అంటాను. లే కొమురమ్మా, లే. ఏ ఆస్పత్రి? ఏ వార్డులో ఉన్నాడు?"

"వార్డుల యాడుంటడమ్మా? తెల్లారంగనే పానం ఇడిసిండు. ఆఖరిదాంక అడిగిండు గా డాక్టరు, ఏడికన్న వోయొచ్చిండా, జర యాది చేసుకో అని. నేను నోరు జారలే. గదే సారుకు చెప్పి, ఆయన జాగల మా మరిదినన్న పనిల వెట్టుకొమ్మని అడుగుదామని వచ్చిన. మందున్నదని నాకెందుకు చెప్పినవమ్మా?"